క్లాసులో మాట్లాడేది మీరా, పిల్లలా?

ప్రశ్న: నేను బీఎడ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సఖినేటిపల్లి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ వేశారు. ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. క్లాసులో ఒక్క తెలుగు ముక్క వినపడకూడదని కాలేజీలో మా మేడం అంటారు. స్కూల్లో సారేమో "తెలుగులో చెప్పేసి, ప్రశ్నజవాబులు బోర్డు మీద రాసెయ్యమ్మా, పరీక్షలొస్తున్నాయి" అంటారు. నేను ఇంగ్లీషులో మాట్లాడితే పిల్లలు బొమ్మల్లా చూస్తారు. తెలుగులోకి దిగితే ఇక పీరియడంతా తెలుగే. 'మై మదర్' మీద తలా ఐదు వాక్యాలు చెప్పమన్న రోజు వెనక బెంచీ అబ్బాయి ఒకడు తల దించుకుని నిలబడ్డాడు. అప్పట్నుంచి నోరు విప్పడం లేదు. వాళ్ళమ్మ కువైట్‌లో ఉందని తరవాత తెలిసింది. నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే, నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. రిఫ్లెక్టివ్ జర్నల్లో ఇవన్నీ ఉన్నదున్నట్టు రాస్తే మార్కులు పోతాయా? అసలు నేను ఈ పనికి పనికొస్తానా?
– పేరు వద్దు, కోనసీమ

సమాధానం:

అమ్మా,

ముందు మీ ఆఖరి ప్రశ్న సంగతి తేల్చేద్దాం. పనికొస్తారు. పిల్లలు మాట్లాడటం లేదని బెంగపెట్టుకున్న మనిషికి ఈ పని నేర్పడం తేలిక. "అర్థమైందా?" అని అడిగి, క్లాసంతా "ఆయ్" అనగానే చేతికంటిన సుద్ద దులుపుకుని సంతోషంగా బయటికొచ్చేవాళ్ళతోనే చిక్కు. మన వైపు పిల్లలు మర్యాద తెలిసినవాళ్ళు. అర్థమైనా ఆయ్ అంటారు, కాకపోయినా ఆయ్ అంటారు. ఆ ప్రశ్న మీరు మానేయండి.

తెలుగా, ఇంగ్లీషా అన్న తగాదాలో మీ మేడంకీ సారుకీ మధ్య నలిగిపోతున్నారు. నాకైతే ఇద్దరు చెప్పేదీ ఒకటే పద్ధతిలా కనిపిస్తోంది. ఎటు చూసినా మాట్లాడేది టీచరు, వినేది పిల్లలు. సైకిలు నేర్పిస్తానని పిల్లాణ్ణి తీసుకెళ్ళి, చీకటి పడేదాకా తానే తొక్కినట్టు ఉంటుంది మన ఇంగ్లీషు పీరియడ్. ఆ ముప్పావుగంటలో పిల్లల నోటి నుంచి ఎంత వచ్చిందన్నదే అసలు లెక్క.

సారు అనుమతి తీసుకుని ఒక పీరియడ్ ఫోనులో రికార్డు చేయండి. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మన గొంతు మనకే వినబుద్ధి కాదు, అయినా ఓర్చుకోండి. పిల్లలు సొంతంగా అన్న మాటలెన్నో చూడండి. మీ వెనక కోరస్‌గా అన్నవి లెక్కలోకి రావు. తరవాత, ప్రశ్న వేశాక మీరు ఎంతసేపు ఆగారో చూడండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు క్లాసులు ఇలాగే టేపు చేసి విన్నారు. టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, జవాబు రాకపోతే తామే చెప్పేస్తున్నారు, లేదా ఇంకొకర్ని లేపుతున్నారు. కనీసం మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న క్లాసుల్లో జవాబులు పొడవయ్యాయి, అంతవరకు పెదవి విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. 1970ల నాటి మాట ఇది. మీ ఏడో తరగతి పిల్లాడి పని ఇంకా కష్టం. ఇంగ్లీషు ప్రశ్న విని, దాన్ని తెలుగులో అర్థం చేసుకుని, జవాబు తెలుగులో అనుకుని, దానికి ఇంగ్లీషు మాటలు వెతుక్కుని, చివర ఉండే క్రియని మధ్యలోకి తెచ్చుకుని, పక్కవాడు నవ్వుతాడేమో చూసుకుని, అప్పుడు నోరు తెరవాలి. వాడికి పది సెకన్లు ఇవ్వండి. నిలబడ్డ టీచరుకి పది సెకన్లు మహా ఎక్కువగా అనిపిస్తాయి. కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ ఉండండి.

కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు మాట్లాడకుండా వింటారని, తొందరపెట్టకూడదని మీరు మెథడ్స్ పేపర్లో చదివే ఉంటారు. స్టీఫెన్ క్రాషెన్ లాంటి భాషా శాస్త్రవేత్తలు చెప్పిన మాట అది. అయితే ఆ రాతలు చాలావరకు అమెరికాకో, కెనడాకో వలస వెళ్ళిన పిల్లల్ని చూసి రాసినవి. అక్కడి పిల్లాడు క్లాసులో నోరు మూసుకుని కూర్చున్నా బస్సులో, కొట్లో, ఆటస్థలంలో ఇంగ్లీషు చెవిన పడుతూనే ఉంటుంది. అలాంటి చోట కూడా మామూలు మాటలకి రెండేళ్ళదాకా, చదువుల భాషకి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని కెనడాలో జిమ్ కమిన్స్ లెక్కగట్టారు. మీ పిల్లలకి బెల్లు కొట్టాక ఇంగ్లీషు లేదు. రేవులో లేదు, ఏరు దాటించే పంటు మీద లేదు, ఇంట్లో లేదు. కాబట్టి వాళ్ళ మౌనాన్ని తప్పు పట్టకూడదు, అలాగని ఊరికే వదిలేయనూ కూడదు.

నోరు తెరవకుండానే అర్థమైందని చూపించే పనులు పెట్టండి. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "డ్రా ఎ రివర్. పుట్ ఎ బోట్ ఇన్ ద రివర్. ఎ మ్యాన్ ఈజ్ స్టాండింగ్ ఆన్ ద బోట్. హి హాజ్ ఎ సైకిల్" అని ఒక్కో వాక్యం రెండేసి సార్లు నెమ్మదిగా చదవండి. బొమ్మ సాగుతున్నకొద్దీ "బిహైండ్ ద బోట్ దేర్ ఈజ్ ఎ బర్డ్" లాంటివి కలపండి. వాళ్ళు రోజూ చూసే రేవే కాబట్టి సరదాగా వేస్తారు. కాగితాలు తీసుకుని చూస్తే ఎవరు పడవని గట్టు మీదకెక్కించారో, ఎవరికి 'బిహైండ్' అందలేదో మీకు తెలిసిపోతుంది. ఒక్కడు కూడా మాట్లాడలేదు, అయినా క్లాసు ఎక్కడుందో తేలిపోయింది.

ఇక తెలుగు. నా మాట సూటిగా చెప్తాను. క్లాసులో తెలుగు ఉండొచ్చు. వాక్యానికి వాక్యం తెలుగులో అప్పజెప్పడం మాత్రం ఆపేయండి. మీ ప్రతి ఇంగ్లీషు వాక్యం వెనకాల తెలుగు వస్తుందని తెలిశాక ఏ పిల్లాడూ ఇంగ్లీషుకి చెవి ఇవ్వడు, తెలుగు కోసం కాచుక్కూర్చుంటాడు. తెలివైనవాడు చేసే పనే అది. వేల్స్‌లో సి.జె. డాడ్సన్ 1967లో ముందుకు తెచ్చిన ద్విభాషా పద్ధతి దగ్గర ఒక మంచి చిట్కా దొరుకుతుంది. మాట ఇంగ్లీషులో చెప్పండి, గొంతు తగ్గించి ఒక్కసారి తెలుగులో అనండి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పి ముందుకెళ్ళిపోండి. ఆఖరున చెవిలో మిగిలేది ఇంగ్లీషే. 'హానెస్టీ'ని బొమ్మగా వేయలేం. 'నిజాయితీ' అంటే సరిపోయేదానికి పది నిమిషాలు అభినయించడం దేనికి? పిల్లాడు చెప్పాలనుకుని మాట దొరక్క తెలుగులోకి వస్తే ఆపకండి. చెప్పనివ్వండి, దానికి ఇంగ్లీషు మీరు అందించండి, వాడి చేత ఒకసారి అనిపించండి.

మీ మేడం పరిశీలనకి వచ్చే రోజు లెసన్ ప్లాన్‌లోనే "ఇక్కడ తెలుగు వాడతాను, ఎందుకంటే" అని కారణంతో సహా రాసిపెట్టుకోండి. పిల్లల సైన్సు, లెక్కల పుస్తకాలే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్న రోజులివి. ముందే ప్లాన్‌లో ఉన్నదాన్ని తప్పనడం ఎవరికైనా కష్టం.

ఇప్పుడు అసలు సంగతి. పిల్లలు ఎందుకు మాట్లాడాలి? పుస్తకం చేతిలో పట్టుకుని "వాట్ ఈజ్ దిస్?" అంటే అది పుస్తకమని మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. తెలిసిన దాన్ని తెలిసిన మనిషికి ఎవరు చెప్తారు? మీకు తెలియనిది, వాళ్ళకి బాగా తెలిసినది అడగండి. స్కూలు గేటు దాటితే మీ వైపు ఏమున్నాయి? రొయ్యల చెరువులు. ఏరియేటర్, ఫీడ్, సీడ్, హ్యాచరీ, కౌంట్ అన్న మాటలు మీ క్లాసులో చాలామందికి అన్నం తింటూ వినే మాటలు. అవి ఇంగ్లీషని కూడా వాళ్ళకి తోచదు.

బోర్డు మీద మూడు చెరువులు గీయండి. పాండ్ ఏ 30 కౌంట్, పాండ్ బి 50 కౌంట్, పాండ్ సి 100 కౌంట్. "విచ్ పాండ్ హాజ్ ద బిగ్గెస్ట్ ప్రాన్స్?" అని అడిగి ఆగండి. చెరువు సంగతి తెలియనివాళ్ళు వందే పెద్దదని "సి" అంటారు. రొయ్యల ఇంటి పిల్లలు ఇక ఊరుకోలేరు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క కదా, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. ఎవడో ఒకడు "నో టీచర్, ఏ" అంటాడు. "వై?" అనండి. మళ్ళీ ఆగండి. "థర్టీ... వన్ కేజీ" అంటాడు. అది పూర్తి వాక్యం కాదని దిద్దకండి, వాడు చెప్పాల్సింది చెప్పేశాడు. "యెస్! థర్టీ ప్రాన్స్ మేక్ వన్ కేజీ. సో ఈచ్ ప్రాన్ ఈజ్ బిగ్గర్" అని మీరు పూరించి, ఇంకొకరిని "అండ్ పాండ్ సి?" అని అడగండి. ఈసారి "హండ్రెడ్ ప్రాన్స్ మేక్ వన్ కేజీ" అని వాళ్ళే అంటారు, ఎందుకంటే ఆ వాక్యంతో ఇప్పుడు వాళ్ళకి పనిపడింది. ఆ తరవాత యాభై కౌంట్ రొయ్య ఒక్కోటి ఎన్ని గ్రాములో అడగండి. వెయ్యిని యాభైతో భాగిస్తే ఇరవై. వంద కౌంటుది పది. 'ట్వైస్ యాజ్ బిగ్' తనంతట తానే వచ్చి కూర్చుంది. బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్ పట్టిక కావాలంటే చివర్లో రాయించుకోండి.

ఇంతలో ఈ రోజు రేటెంతని అడగండి. మీకు నిజంగానే తెలియదు కాబట్టి "ఐ డోంట్ నో. టెల్ మీ" అనండి. ఒకడు నాన్న చెప్పిన రేటు అంటాడు, ఇంకొకడు నిన్న చెరువు పట్టుబడికి వచ్చిన వ్యాపారి అన్న రేటు అంటాడు. గొడవ మొదలవుతుంది, సగం తెలుగులోనే. పడనివ్వండి. బోర్డు మీదికి ఎక్కేది మాత్రం ఇంగ్లీషులో చెప్పిందే అని షరతు పెట్టండి. హెడ్మాస్టరు గారు ఆ టైములో వరండాలోంచి వెళ్తే కంగారు పడొద్దు, ఎందుకీ గొడవో ఆయనకి చెప్పగలరు మీరు.

ఒక్క జాగ్రత్త. చెరువున్న రైతు కొడుకే రోజూ హీరో అయిపోకూడదు. షెడ్డులో రొయ్య తలలు తీసే పనికెళ్ళే తల్లి కూతురికి తెలిసిన సంగతులు వాడికి తెలియవు, ఆ అమ్మాయినీ అడగండి. కొబ్బరి దింపుకి వెళ్ళే తండ్రి ఉన్నవాడు చెట్టెక్కడం దగ్గర్నుంచి ఒలుపు దాకా ఒక్కో మెట్టూ చెప్పగలడు. 'ఫస్ట్, దెన్, ఆఫ్టర్ దట్' అన్న మాటలు మీరిస్తే చాలు. నరసాపురం వైపు నుంచి వచ్చే పిల్లలుంటే లేసు అల్లే ఇళ్ళు ఉండనే ఉన్నాయి.

ఇలాంటి పనులకి మన దక్షిణాదిలోనే ఓ చరిత్ర ఉంది. ఇంగ్లీషు బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా బెంగుళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు స్కూళ్ళలో ఒక ప్రయోగం నడిపించారు. వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టి, రైలు టైమ్‌టేబుళ్ళు, మ్యాపులు చేతికిచ్చి చిన్నచిన్న సమస్యలు తేల్చమనేవారు. మనసంతా సమస్య మీద ఉంటే భాష వెనకాలే వస్తుందన్నది ఆయన నమ్మకం. మీకు అందులో ఊరటనిచ్చే సంగతి ఒకటుంది: ఆ క్లాసుల్లో గ్రూప్ వర్క్ మీద ఆధారపడలేదు. టీచరు ముందు క్లాసంతటితో కలిసి ఒక సమస్యని నోటితో తేలుస్తారు, తరవాత అలాంటిదే ఇంకొకటి ఎవరికి వాళ్ళు చేస్తారు. బెంచీలు జరపడానికి చోటు లేని మీ గదికి ఇది అతికినట్టు సరిపోతుంది. క్లాసులో సుమారు సగం మంది, ఇచ్చిన పనిలో సగం చేయగలిగితే ఆ పని ఆ క్లాసుకి తగినదే అని లెక్క వేసుకునేవారు. నూటికి నూరు రావాలని కంగారు పడే మన ట్రైనింగులకి ఆ లెక్క ఎవరైనా చెబితే బావుణ్ణు. రైలు మన దాకా రాలేదు గానీ, మీ పిల్లలకి పంటు ఉంది. నరసాపురం స్టేషన్లో ఫలానా రైలు అందుకోవాలంటే సఖినేటిపల్లి రేవులో ఏ పంటు ఎక్కాలి? వేళలు పిల్లల్నే కనుక్కుని రమ్మనండి.

ఆ వెనక బెంచీ అబ్బాయి విషయం. మన ప్రాంతంలో తల్లి గల్ఫులో ఉన్న పిల్లలు తగలని స్కూలు అరుదు. 'మై మదర్', 'మై ఫ్యామిలీ' పాఠాల్లో వస్తూనే ఉంటాయి. వాటిని అందరి ముందు నిలబెట్టి చెప్పించే పని పెట్టుకోకండి. 'ఎ పర్సన్ ఐ నో వెల్' అని ఇస్తే, అమ్మ గురించి చెప్పాలనుకున్నవాడు అమ్మ గురించే చెప్తాడు, వద్దనుకున్నవాడు తాతనో, పంటు నడిపే అతన్నో ఎంచుకుంటాడు. ఇప్పుడు వాణ్ణి పక్కకి పిలిచి వాళ్ళమ్మ గురించి అడగడం, ఓదార్చడం లాంటివి చేయకండి. వాడికి జాలి అక్కర్లేదు, క్లాసులో మామూలుగా ఉండే వీలు కావాలి.

ముందు వాడికి బోర్డు కనిపిస్తోందో లేదో, మీ మాట వినిపిస్తోందో లేదో చూడండి. మాట్లాడని పిల్లల్లో కళ్ళజోడు కావాల్సినవాళ్ళు ఉంటారు, ఎవరూ కనిపెట్టరు. అందరి సీట్లూ మార్చే వంకతో వాణ్ణి కొన్నాళ్ళు ముందుకి తీసుకురండి. బొమ్మల పని వాడూ చేస్తాడు. అడిగేటప్పుడు మొదట్లో "ఏ ఆర్ బి?" అన్నట్టు, వేలు చూపిస్తే సరిపోయే ప్రశ్నలు వేయండి. ఒక్క మాట వస్తే ఒక్క మాటే తీసుకోండి, "ఫుల్ సెంటెన్స్" అని వెంటపడకండి.

అన్నిటికంటే పనిచేసేది రాత. నోటుబుక్కు వెనక పేజీలో రోజుకి ఒక్క వాక్యం రాయమనండి, తెలుగు మాట కలిసినా సరే. వాడొక్కడికే అయితే వేలెత్తి చూపినట్టుంటుంది, క్లాసంతటికీ పెట్టండి. దాని కింద మీరు ఇంగ్లీషులో ఒక వాక్యం జవాబు రాయండి. ఎర్ర పెన్ను తీయొద్దు. "యెస్టర్డే ఐ గో రివర్" అని రాశాడనుకోండి, "యు వెంట్ టు ద రివర్? డిడ్ యు స్విమ్?" అని రాస్తే చాలు. సరైన రూపం వాడి కళ్ళ ముందే ఉంది, పైగా వాడికి జవాబు రాయాల్సిన ప్రశ్న కూడా ఒకటి దొరికింది. క్లాసంతటివీ రోజూ చూడటం మీవల్ల కాదు, రోజుకో వరుస చొప్పున తీసుకోండి. మీ 16 వారాలు అయిపోయేలోగా వాడు క్లాసులో గొంతు విప్పకపోవచ్చు. అది మీ ఓటమి కింద వేసుకోవద్దు.

సారుతో పోట్లాట పెట్టుకోకండి. ఫలితాలు తగ్గితే సంజాయిషీ చెప్పుకునేది ఆయన, మీరు మీ కాలేజీకి వెళ్ళిపోతారు. ఆయన చెప్పిన ప్రశ్నజవాబులు రాయించండి, "సార్, చివరి పదిహేను నిమిషాలు నాకివ్వండి" అని అడగండి. కాదనే సారు ఉండరు. రాయించే జవాబు కూడా గైడులోంచి దించకుండా, ముందు పిల్లల చేత ముక్కలు ముక్కలుగా చెప్పించి, వాళ్ళ మాటల్ని సరిచేస్తూ బోర్డు మీదికి ఎక్కించండి. పరీక్షకీ పనికొస్తుంది, మాటకీ పనికొస్తుంది.

మీ ఇంగ్లీషు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. క్లాసుకి కావాల్సింది ఉపన్యాసం కాదు. రేపు పిల్లలకి ఇవ్వబోయే సూచనలన్నీ ముందురోజు రాత్రే రాసుకోండి, ఏ వాక్యమూ ఏడెనిమిది మాటలు దాటకుండా చూసుకోండి, పైకి చదవండి. 'బుక్కు', 'పెన్ను' అని చివర ఉకారం తగిలించే అలవాటు మనందరికీ ఉంది, అదొక్కటి తగ్గించుకోండి. మాట తెలియకపోతే పిల్లల ముందే డిక్షనరీ తీయండి. తెలుగు మీడియంలో చదవడం ఇక్కడ మీకు కలిసొచ్చేదే. పిల్లాడు "ఐ టు స్కూల్ గోయింగ్" అంటే ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు వెంటనే తెలుస్తుంది. మొదట్నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన ట్రైనీకి అక్కడ ఉత్త తప్పే కనిపిస్తుంది.

జర్నల్. "విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు, బోధన లక్ష్యాలు నెరవేరాయి" అన్న వాక్యం రికార్డులు దిద్దేవాళ్ళు చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు. మీరు జరిగింది రాయండి. పిల్లల పేర్లు, ఇంటి సంగతులు మాత్రం వద్దు, రికార్డు చాలా చేతులు మారుతుంది. ఉదాహరణకి ఇలా: "రొయ్యల కౌంట్ పని చేయించాను. సొంతంగా మాట్లాడినవాళ్ళు తొమ్మిది మంది, అందులో నలుగురు మొదటిసారి. 'బిగ్గర్ దాన్' అనాల్సిన చోట 'మోర్ బిగ్' అన్నారు. రెండు ప్రశ్నలకి నేను ఆగకుండా జవాబు చెప్పేశాను. రేపు కొబ్బరికాయల ధరలతో 'దాన్' మళ్ళీ." ఇంతే, అర పేజీ దాటక్కర్లేదు. ఇలా రాస్తే ఒకటో రెండో మార్కులు తగ్గించే ఎగ్జామినరు తగలొచ్చు, కాదనను. కానీ వైవాలో ఎగ్జామినరు రికార్డు తిరగేస్తూ "ఈ రోజు క్లాసులో ఏం జరిగింది?" అని అడిగితే, ఆ పేజీ మీరు చూడకుండా చెప్పగలరు.